కోతరాయుడి జీతం

తాపీ మేస్త్రీని "వారానికి ఎంత పడుతుందయ్యా చేతిలో?" అని అడిగి చూడండి. బీడీ ఆర్పకుండానే చెప్పేస్తాడు. ఆరు రోజుల కూలి, అందులోంచి బుధవారం వాడుకున్న అడ్వాన్సు తీసేస్తే మిగిలింది. ఆదివారం పొద్దున బట్వాడా, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం కిరాణా కొట్టు బాకీ. వంద తేడా వస్తే గొడవ కూడా అక్కడే, నలుగురి ముందే తేలిపోతుంది.

ఇదే మాట మాదాపూర్‌లో మెడకు ట్యాగు వేసుకుని టీ కోసం కిందికి దిగిన అబ్బాయిని అడగండి. ముందు నవ్వుతాడు. ఆ తర్వాత "సీటీసీ చెప్పమంటారా, గ్రాసా, ఫిక్స్‌డా?" అని మనల్నే అడుగుతాడు. "అవేమీ వద్దు నాయనా, వారం మొత్తం పనిచేస్తే నీ చేతికి ఎంతొస్తుంది?" అంటే మొహం చిన్నబోతుంది. "ఎక్సెల్ తీసి చూడాలి అంకుల్" అంటాడు. బీటెక్ నాలుగేళ్ళు, కోడింగ్ కోచింగ్ ఆరు నెలలు, ఆరు రౌండ్ల ఇంటర్వ్యూ. ఇన్ని దాటినా తన కూలి ఎంతో తనకు తెలియదు.

వెనకటి రోజుల్లో సర్కారీ గుమాస్తాను జీతమెంతని అడిగితే తక్కువ చేసి చెప్పేవాడు. గీతం సంగతి అసలే చెప్పేవాడు కాదు. ఇప్పుడు తలకిందులైంది. గీతం లేదు, జీతం తక్కువ, చెప్పుకోవడానికి మాత్రం ప్యాకేజీ ఉంది. అందుకే ఈ వారం ఒక పన్నెండు లక్షల ప్యాకేజీని పట్టుకుని, యాభై రెండు వారాలకు పంచి, మేస్త్రీ పద్ధతిలో బట్వాడా చేద్దామని కూర్చున్నాను.

పన్నెండు లక్షలను యాభై రెండుతో భాగిస్తే వారానికి 23,077 రూపాయలు. బాగానే ఉంది. ఈ అంకెను ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతే అందరం సుఖంగా ఉంటాం.

వెళ్ళలేం. ఎందుకంటే ఆఫర్ లెటర్ రెండో పేజీలో అనుబంధం అని ఒకటుంటుంది. మొదటి పేజీ వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్తుంది, రెండో పేజీ ఎక్కడికీ వెళ్ళదు. సీటీసీ అంటే కంపెనీకి నీ మీద అయ్యే ఖర్చు. నీకు ఇచ్చేది అని వాళ్ళు ఏనాడూ అనలేదు, మనమే అలా చదువుకున్నాం. పెళ్ళికి పిలిచి, షామియానా అద్దె, వంటమనిషి కూలి, జనరేటర్ డీజిల్ అన్నీ లెక్కగట్టి "మీరు మా ఇంట్లో మూడు వేల రూపాయల భోజనం చేశారండీ" అన్నట్టుంటుంది ఆ లెక్క. విస్తట్లో పడింది మాత్రం పప్పు, గుత్తొంకాయ.

బేసిక్ నెలకు యాభై వేలు అనుకుందాం. దానిలో పన్నెండు శాతం, అంటే ఆరు వేలు, కంపెనీ మన పేరున ప్రావిడెంట్ ఫండ్‌కు కడుతుంది. ఇది ప్యాకేజీలో ఉంటుంది, జీతంలో ఉండదు. అందులో 1,250 పెన్షన్ పథకానికి పోతుంది, మిగతా 4,750 మన పీఎఫ్ ఖాతాలో పడుతుంది. పీఎఫ్‌ను నేను తిట్టను. 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, పెద్ద బ్యాంకులేవీ అంత ఇవ్వడం లేదు. తిట్టాల్సింది మన తల్లిదండ్రులనేమో. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పీఎఫ్‌లో వెనక, పాన్ కార్డులో పొట్టి అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకేదో స్పెల్లింగు. తెలుగువాడు తన పీఎఫ్ తీసుకోవాలంటే ముందు తాను తానేనని ఒప్పించుకోవాలి.

తర్వాత గ్రాట్యుటీ. బేసిక్‌లో 4.81 శాతం, నెలకు 2,405 రూపాయలు, ఏడాదికి 28,860. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం, నెలను ఇరవై ఆరు రోజులుగా పట్టి, పన్నెండు నెలలకు సర్దితే ఆ వింత దశాంశం వస్తుంది. పర్మినెంటు ఉద్యోగి చేతికి ఇది రావాలంటే ఒకేచోట ఐదేళ్ళు కూర్చోవాలి. మన కుర్రాడు హైక్ కోసం రెండేళ్ళకోసారి కంపెనీ మారతాడు, మారకపోతే హైకు రాదు. అంటే హైకు కావాలంటే గ్రాట్యుటీ రాదు, గ్రాట్యుటీ కావాలంటే హైకు రాదు. రెండేళ్ళకే మానేసినవాడి ప్యాకేజీలో చూపించిన ఆ యాభై ఏడు వేల పైచిలుకు ఏమైందని అడగకండి. అది ఎవరికీ ఇవ్వలేదు. ఎవరి నుంచీ కోయలేదు కూడా. కాగితం మీద పుట్టి, అబ్బాయిని గొప్పవాణ్ణి చేసి, కాగితం మీదే పోయింది.

ఆరోగ్య బీమా ప్రీమియం నెలకు ఓ వెయ్యి వేసుకుందాం. జ్వరం రాకపోయినా అది మన జీతమే.

ఇక వేరియబుల్ పే. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు మధ్యతరగతి కలల్లో సగం దీని మీదే నిలబడ్డాయి. పన్నెండు లక్షల్లో పది శాతం, లక్షా ఇరవై వేలు. ఇది వస్తుందా అంటే వస్తుంది. ఎంత అంటే మూడు సంగతులు కలిసిరావాలి: నువ్వు బాగా చేయాలి, నీ టీము బాగా చేయాలి, కంపెనీ బాగా చేయాలి. నువ్వు బాగా చేసిన ఏడాది కంపెనీ బాగా చేయదు. కంపెనీ లాభాలు పండించిన ఏడాది నీ రేటింగ్ "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్". ఏడాది పొడుగునా రాత్రి పదకొండింటికి కాల్స్‌లో కూర్చుంటే, అంచనాలు అందుకున్నావు అని చెప్పి అరవై శాతం చేతిలో పెడతారు. ఆ అంచనాలు ఎవరివో, ఎప్పుడు వేశారో ఆ దేవుడికే తెలియాలి. ఈ లోపల ఆ లక్షా ఇరవై వేలనూ మన కుర్రాడు ఫ్రిజ్జుకు ఒకసారి, గోవాకు ఒకసారి, చెల్లెలి ఫీజుకు ఒకసారి, మొత్తం మూడుసార్లు ఖర్చుపెట్టేసి ఉంటాడు. వారం బట్వాడాలో దీన్ని కలపను. వచ్చిన వారం చూసుకుందాం.

ఈ నాలుగూ పక్కన పెడితే నెల గ్రాస్ 80,595. ఇంతవరకూ కోతలు మొదలే కాలేదని గమనించాలి. ఇవన్నీ మన దగ్గరికి రాకముందే వెళ్ళిపోయినవి.

అసలు కోతలు ఇప్పుడు. మన వాటా పీఎఫ్ ఇంకో ఆరు వేలు. వృత్తి పన్ను రెండొందలు. ఈ వృత్తి పన్ను అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. రాజ్యాంగం 276వ అధికరణం దీనికి ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆ పరిమితి 1988లో 250 నుంచి పెరిగింది, అంతే, మళ్ళీ కదల్లేదు. అప్పటి నుంచి సినిమా టికెట్ ఎంత పెరిగిందో, టమాటా ఎన్నిసార్లు వంద దాటిందో చూసుకోండి. ఉమ్మడి రాష్ట్రం 1987లో చేసిన చట్టాన్ని 2014లో విడిపోయాక కూడా రెండు రాష్ట్రాలూ దాచుకున్నాయి. కృష్ణా నీళ్ళ దగ్గర కుదరని లెక్క ఇక్కడ కుదిరింది: నెలకు ఇరవై వేలు దాటితే అటూ రెండొందలే, ఇటూ రెండొందలే. ఇరవై ఒక్క వేల గుమాస్తాకూ, ఐదు లక్షల వైస్ ప్రెసిడెంటుకూ కోత ఒకటే. సమానత్వం కోసం ఎక్కడెక్కడో వెతుకుతుంటారు గానీ, పే స్లిప్‌లో నాలుగో వరసలో ఉంది. తెలంగాణలో డిసెంబరు పే స్లిప్ చూసి లేబర్ వెల్ఫేర్ ఫండ్ కింద రెండంటే రెండు రూపాయలు ఎవరు కోశారని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టినవాళ్ళు నాకు తెలుసు. ఆ మెయిల్ చదివి జవాబు రాయడానికి పట్టిన సమయం ఖరీదు ఏ ఫండ్ కింద వేశారో తెలియదు.

అన్నీ పోగా 74,395. పన్నెండు నెలలు కలిపి యాభై రెండు వారాలకు పంచితే వారానికి 17,168 రూపాయలు. మొదట అనుకున్న 23,077కూ దీనికీ మధ్య వారానికి ఆరు వేలకు తొంభై ఒక్క రూపాయి తక్కువ. ఇందులో ఆదాయపు పన్ను ఒక్క పైసా లేదు సుమా! ఆదాయపు పన్నువాళ్ళు చెయ్యి పెట్టకముందే ఇదీ పరిస్థితి.

పన్ను ఎందుకు లేదంటే, 2025 బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం కింద పన్నెండు లక్షల దాకా వదిలేశామన్నారు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలుపుకుంటే జీతగాడికి 12 లక్షల 75 వేల దాకా సున్నా. ఆ రోజు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మిఠాయి బొమ్మలు పంచుకున్నారు. నిజంగా మంచి పనే. కాకపోతే ఆ గీత దాటగానే ఒక గోతి ఉంది, దాని మీద ఎవరూ ఎర్రజెండా పాతలేదు.

గోతి సంగతి ఇది. పన్ను వేయదగిన ఆదాయం సరిగ్గా పన్నెండు లక్షలైతే శ్లాబుల ప్రకారం 60 వేలు పన్ను వస్తుంది, దాన్ని రిబేటు కింద మొత్తం కొట్టేస్తారు. ఇంకో పది వేలు పెరిగిందనుకోండి, ఆ మాఫీ మాయమవుతుంది, శ్లాబుల ప్రకారం 61,500 కట్టాలి. పది వేల హైకుకు అరవై వేల దెబ్బ బాగోదని చట్టంలో మార్జినల్ రిలీఫ్ పెట్టారు: పెరిగిన పది వేలకు మించి పన్ను తీసుకోం అని. దయగల మాట. అయితే ఆ పది వేల మీద నాలుగు శాతం సెస్సు వేస్తారు, దానికి రిలీఫ్ లేదు. కాబట్టి పది వేలు పెరిగినవాడు కట్టేది పది వేల నాలుగు వందలు. మేనేజరు కౌగిలించుకుని "కంగ్రాట్స్" చెప్పిన నెల నుంచి కుర్రాడు ఏడాదికి నాలుగు వందలు నష్టపోతాడు. ఈ గోతి జీతం సుమారు 13 లక్షల 45 వేలయ్యే దాకా సాగుతుంది. మిగతావన్నీ అలాగే ఉంటే, జీతం డెబ్బై వేలు పెరిగినవాడి చేతికి ఏడాదికి రెండు వేల ఎనిమిది వందలు తక్కువ వస్తాయి. వారానికి యాభై నాలుగు రూపాయలు. ప్రమోషన్ స్వీట్ల డబ్బా ఖర్చు దీనికి అదనం. తెలివైనవాడు ఇక్కడ హైకు వద్దనాలి. హైకు వద్దన్నవాణ్ణి హెచ్‌ఆర్ వాళ్ళు ఏ డాక్టరు దగ్గరికి పంపుతారో అందుకే అడగలేకపోతున్నాను.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళ జనవరి నెల వేరే పురాణం. అమ్మకు అద్దె కట్టినట్టు రసీదులు, రెవిన్యూ స్టాంపు మీద అమ్మ సంతకం. నిజంగా అద్దెకున్నవాడైతే ఓనరు గారి పాన్ నంబరు, ఏడాదికి లక్ష దాటితే తప్పదు. మెయింటెనెన్సు పెంచడానికి తలుపు కొట్టే ఓనరు, పాన్ అడగ్గానే కాశీ యాత్రలో ఉంటాడు. ప్రూఫులు అందలేదని ఫిబ్రవరి, మార్చి నెలల్లో టీడీఎస్ పోటెత్తుతుంది, ఆ రెండు నెలల వారం బట్వాడా మేస్త్రీ కంటే తక్కువ. సరే, దాని మీద జోకులన్నీ అయిపోయాయి.

కొత్తగా వచ్చినవి లేబర్ కోడ్‌లు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వేతనం అంటే మొత్తం చెల్లింపుల్లో కనీసం సగం ఉండాలి, అలవెన్సుల పేరుతో సాగదీయడానికి వీల్లేదు అన్నది వాటిలో ఒక సంగతి. అంతకుముందు బేసిక్‌ను నలభై శాతానికి కుదించిన కంపెనీ ఉందనుకోండి. మన పన్నెండు లక్షల కుర్రాడికి అక్కడ పీఎఫ్, గ్రాట్యుటీ రెండూ తక్కువగా పోయి నెలకు ఇంకో 2,881 చేతికొచ్చేవి. బేసిక్ సగానికి పెరిగితే ఆ డబ్బు పీఎఫ్‌లోకి, గ్రాట్యుటీలోకి వెళ్ళిపోతుంది. పీఎఫ్‌ను పదిహేను వేల పరిమితి మీదే కట్టే చోట చేతికొచ్చే జీతం తగ్గనక్కర్లేదని కార్మిక శాఖ వివరణ ఇచ్చింది. పూర్తి బేసిక్ మీద కట్టించుకునేవాడికి మాత్రం "మీ భవిష్యత్తు మరింత భద్రం" అని మెయిల్ వస్తుంది. ఇలాంటి సబ్జెక్ట్ లైన్ ఉన్న మెయిల్ వచ్చిన నెలలో జీతం పెరగదని అనుభవజ్ఞులు తెరవకుండానే చెబుతారు.

అదే వేతన కోడ్‌లో నా మనసుకు నచ్చిన వాక్యాలు రెండున్నాయి. వారం జీతం మీద పనిచేసేవాడికి వారాంతపు సెలవుకు ముందు పనిరోజునే డబ్బు చేతిలో పెట్టాలి, నెల జీతగాడికి మరుసటి నెల ఏడో తేదీ లోపు ఇవ్వాలి అన్నది ఒకటి. అంటే మేస్త్రీ బట్వాడాకు చట్టంలోనూ చోటుంది. రెండోది, అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. చదవగానే కళ్ళు చెమర్చాయి. తీరా చూస్తే ఈ నియమం యజమాని కోసే కోతలకే. కూకట్‌పల్లి ఫ్లాటు ఈఎంఐకి, కారు లోనుకు, ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి పిల్లాడికి కట్టే ఫీజుకు వర్తించదు. అవన్నీ మనం మనకే ఇష్టపడి పెట్టుకున్న కోతలు.

మన ఇంటి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే సెక్యూరిటీ గార్డు లెక్క కూడా వేశాను, ఎలాగూ కాలిక్యులేటర్ చేతిలో ఉంది గనక. గ్రాస్ 21,000 అనుకుందాం. ఈఎస్ఐ 0.75 శాతం, పైకి సర్ది 158. పదిహేను వేల బేసిక్ మీద పీఎఫ్ 1,800. వృత్తి పన్ను రెండొందలు. మిగిలింది 18,842, వారానికి 4,348. ఇతని గోతి 21 వేల దగ్గర ఉంది. 2017 జనవరిలో పెట్టిన హద్దు అది. ఒక్క ఐదొందలు జీతం పెరిగితే ఆ అర్ధ సంవత్సరపు చందా కాలం ముగియగానే ఈఎస్ఐ చందా ఆగిపోతుంది, ఆ తర్వాత కొన్నాళ్ళకు భార్యాపిల్లల వైద్యం కూడా. సనత్‌నగర్ ఆసుపత్రి క్యూలో నిలబడే హక్కు పోగొట్టుకోవడానికి నెలకు ఐదొందలు ఖరీదు కట్టారన్నమాట. పన్నెండు లక్షలవాడు గోతిలో పడితే వారానికి యాభై నాలుగు రూపాయలు. ఇతను పడితే మోకాలి ఆపరేషన్. ఇక్కడ వ్యంగ్యం ఏం రాయాలో తోచలేదు, ముందుకు పోతున్నాను.

ఈ బాధలన్నీ ఇక్కడే అనుకుని డాలస్ విమానం ఎక్కినవాళ్ళకు అక్కడ చాలాచోట్ల రెండు వారాలకోసారి జీతం. ఏడాదికి ఇరవై ఆరుసార్లు పడుతుంది, రెండు నెలల్లో మాత్రం మూడేసి. ఆ మూడు జీతాల నెల చూసే ఇక్కడ నాన్నగారు రూపాయల్లోకి గుణించి పన్నెండు నెలలకూ అదే అనుకుంటారు. చదువు ముగించి ఓపీటీ మీద పనిచేస్తున్న కుర్రాడికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు. తిరుపతి మొక్కులు ఫలించి హెచ్-1బీ వస్తుంది. ఆ వెంటనే 6.2, 1.45, మొత్తం 7.65 శాతం కోత మొదలవుతుంది. ఏడాదికి 78 వేల డాలర్లు తెచ్చుకునేవాడికి వారానికి 1,500, అందులో ఈ కోత ఒక్కటే 114 డాలర్ల 75 సెంట్లు. ఫెడరల్ పన్ను దీనికి వేరే. వీసా వచ్చినందుకు జీతం తగ్గిన దేశం అది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గనక సరిపోయింది, న్యూజెర్సీ అయితే అదీ ఉంది. కట్టిన సోషల్ సెక్యూరిటీకి పెన్షన్ రావాలంటే నలభై క్రెడిట్లు, అంటే పదేళ్ళ పని కావాలి. తొమ్మిదో ఏట ఇంటికొచ్చేస్తే, ఇక్కడి సర్వీసుతో దాన్ని కలిపి లెక్కపెట్టుకునే ఒప్పందం భారత్‌కూ అమెరికాకూ మధ్య లేదు. గ్రాట్యుటీకి ఐదేళ్ళు ఆగలేని కుర్రాడు దీనికి పదేళ్ళు ఆగాలి. గ్రీన్ కార్డు క్యూ పుణ్యమా అని ఆగుతాడు లెండి.

ఇన్ని లెక్కలు వేశాక ఒకటి తోచింది. మన దేశంలో ప్యాకేజీ ఎంత అని అడగనివాడు ఒక్క బ్యాంకు లోన్ ఆఫీసరే. మూడు నెలల పే స్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంటు, ఫారం 16 తెమ్మంటాడు. వేరియబుల్ మీద అడ్డగీత కొడతాడు, గ్రాట్యుటీ వంక చూడనైనా చూడడు. ఇరవై ఏళ్ళ అప్పుకే ఇంత వెతికితే, అంతకంటే ఎక్కువ కాలం నడవాల్సిన పెళ్ళి సంబంధాలకు మనం బయోడేటాలో ఒక అంకె చూసి తాంబూలాలు మార్చుకుంటున్నాం. ఇది సరికాదని ఈ మధ్య ఒక సంబంధం మాట్లాడే చోట, మధ్యవర్తిగా పిలిచిన పాపానికి, నోరు తెరిచాను. "బావగారూ, అబ్బాయి పే స్లిప్ ఒకటి చూపిస్తే బాగుంటుంది" అన్నాను. అబ్బాయి తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టి, పే స్లిప్ అడగడం మర్యాద కాదన్నారు. పోనీ అమ్మాయిదీ చూద్దాం అన్నాను, ఆ అమ్మాయిది పద్నాలుగు లక్షల ప్యాకేజీ. ఆమె తండ్రి కూడా మర్యాద కాదనే అన్నారు. ఇరువైపులా మర్యాదలు ఇంత చక్కగా కలిసిన సంబంధం ఈమధ్య చూడలేదని పంతులుగారు పంచాంగం తీశారు. మాఘమాసంలో ముహూర్తం కుదిరింది. ఫంక్షన్ హాలు అడ్వాన్సు మాత్రం అబ్బాయి వేరియబుల్ పే పడ్డాక కడతామన్నారు.